బీసీడీ లిఫ్టు కాదు

అండమాన్‌లో హావ్‌లాక్‌కి, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌కి, తొలిసారి డైవింగ్ కోసం వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. షార్కులు ఉంటాయా? గాలి అయిపోతే ఎలా? ఈత రాకపోతే ఫర్వాలేదా? భుజాలకు తొడిగి, పొట్ట మీద బెల్టు బిగించి, వెనక సిలిండర్ కట్టిన ఆ నల్లకోటు సంగతి అడిగేవాళ్లు మాత్రం అరుదు. అదేదో సిలిండర్ మోసే సంచీ అనుకుంటారు. లేదంటే పాపికొండల బోటులో వేసుకునే నారింజరంగు లైఫ్ జాకెట్‌కి పెద్దన్న అనుకుంటారు. రెండూ పొరపాటే. రెండోది ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు.

లైఫ్ జాకెట్‌కి తెలిసిన పని ఒక్కటే, పైకి తేల్చడం. వేసుకున్నాక మీరు చేయాల్సిందేమీ ఉండదు. బీసీడీ, అంటే బాయన్సీ కంట్రోల్ డివైస్, లోపల గాలిసంచి ఉన్న కోటు. ఆ సంచిలో ఎంత గాలి ఉండాలో ఎప్పటికప్పుడు మీరే చూసుకోవాలి. నీటిపైన తేలాలంటే నింపాలి. దిగాలంటే తీసేయాలి. నడుమ ఎక్కడైనా నిలబడాలంటే సరిగ్గా సరిపడా ఉంచాలి. స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పి ముఖం నీటిపైన ఉంచుతుందన్న హామీ దానికి లేదు. వీపు వెనక మాత్రమే గాలి నింపుకునే రకాలైతే, నీటిపైన నిండా ఊదినప్పుడు మనిషిని ముందుకే తోస్తాయి.

వ్యక్తిత్వ వికాస పుస్తకం కదా, నీళ్లలో నిలకడ నుంచి జీవితంలో నిలకడకు దారి తీస్తారేమో అని చూస్తుంటే, ఈ అధ్యాయంలో అది దొరకదు. ఇక్కడ ఉన్నదంతా గాలి, సీసం, ఉప్పునీరు. చెప్పదలుచుకున్నది కూడా ఒక్కటే: బీసీడీని బాగా వాడేవాళ్లు దాని బటన్ చాలా తక్కువ నొక్కుతారు. మిగతా పని నడుముకున్న సీసపు బరువులూ, ఊపిరీ చేస్తాయి.

ముందు, అసలు ఈ కోటు ఎందుకు కావలసి వచ్చిందో చూద్దాం. కూస్తో, గాన్యాన్ 1943లో ఆక్వాలంగ్ తయారుచేసినప్పుడు బీసీడీ లేదు. అప్పటి డైవర్లు బరువులు లెక్కగా కట్టుకుని, మిగిలిన తేడాను కాళ్లతో ఈదుతూ సరిపెట్టుకునేవాళ్లు. 1961లో ఫ్రాన్స్‌కు చెందిన మోరిస్ ఫెంజీ మెడచుట్టూ వేసుకునే గాలిపట్టీ తెచ్చాడు. ఇప్పుడు మనం చూస్తున్న కోటు ఆకారం 1970ల నుంచి వాడుకలోకి వచ్చింది. కాళ్లతో సరిపెట్టుకున్న ఆ తేడా ఎంతో తెలిస్తే, బీసీడీ చేయవలసిన పని ఎంత చిన్నదో అర్థమవుతుంది.

మన దగ్గర ఎక్కువగా అద్దెకిచ్చేది 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్. 200 బార్ ఒత్తిడితో నింపితే అందులో దాదాపు 2,200 లీటర్ల గాలి పడుతుంది. గాలికి బరువేముందిలే అనుకుంటాం కానీ, ఆ గాలి రెండున్నర కిలోల పైమాటే. డైవ్ ముగిసేలోపు అందులో రెండు కిలోల గాలి పీల్చి వదిలేస్తాం. అంటే దిగినప్పటికంటే ఎక్కేటప్పుడు మనం రెండు కిలోలు తేలిక. మునిగి ఉండాలంటే చివర్లో సరిపోయేంత సీసం మొదటి నుంచే కట్టుకోవాలి, కాబట్టి మొదట్లో రెండు కిలోలు ఎక్కువ బరువుంటాం. ఆ రెండు కిలోలను మోయడానికి బీసీడీలో రెండు లీటర్ల గాలి చాలు. పైగా ఒంటికి అంటుకుని ఉండే వెట్‌సూట్ రబ్బరులో సన్నటి గాలిబుడగలుంటాయి. లోతుకి వెళ్లేకొద్దీ అవి నలిగి, సూట్ తేల్చే శక్తి తగ్గుతుంది. అండమాన్ నీళ్లలో వేసుకునే 3 మిల్లీమీటర్ల సూట్‌కి ఈ తేడా కొద్దిగానే ఉంటుంది. చలిదేశాల మందపాటి సూట్లకు బాగా తెలుస్తుంది. బీసీడీ చేయాల్సింది ఈ రెండు తేడాలనూ పూడ్చడమే.

అయినా దానితో ఇన్ని తిప్పలు ఎందుకొస్తాయంటే, సంచిలో గాలి మీరు పెట్టినంతే ఉండిపోదు. హైస్కూలు భౌతికశాస్త్రంలో చదివి మార్కులు తెచ్చుకుని మరిచిపోయిన బాయిల్ నియమం ఇక్కడ కాచుకుని ఉంటుంది. నీటిపైన ఒత్తిడి ఒక అట్మాస్ఫియర్. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఇంకొకటి కలుస్తుంది. 10 మీటర్ల దగ్గర 2, 20 దగ్గర 3, 30 దగ్గర 4. ఒత్తిడి రెట్టింపైతే గాలి సగానికి నలుగుతుంది, సగమైతే రెట్టింపుకి ఉబ్బుతుంది.

దీన్ని సీసంతో కలిపి చూడండి. మీకు అవసరమైన దానికన్నా 6 కిలోలు ఎక్కువ కట్టారనుకుందాం. కొత్తవాళ్లకి ఇలా కట్టడం మామూలే. పైకి తేలిపోతుంటే సంభాళించడం కన్నా అడుక్కి లాగేస్తే తేలిక అని కొందరు గైడ్లు అనుకుంటారు. 10 మీటర్ల దగ్గర ఆ 6 కిలోలను మోయడానికి బీసీడీలో 6 లీటర్ల గాలి అదనంగా నింపుతారు. ఇప్పుడు ఏదో చేప వెంటపడి 5 మీటర్లకు ఎక్కారు. ఒత్తిడి రెండు నుంచి ఒకటిన్నరకు తగ్గింది. మీరు బటన్ ముట్టుకోకపోయినా 6 లీటర్లు 8 అయ్యాయి. రెండు కిలోల బలం మిమ్మల్ని పైకి తోస్తోంది. తోసినకొద్దీ ఇంకా ఉబ్బుతుంది, ఉబ్బినకొద్దీ ఇంకా తోస్తుంది. అదే 30 మీటర్ల నుంచి 25కి ఎక్కితే 6 లీటర్లు దాదాపు 6.9 అవుతాయి, అంతే. లోతు పెరిగేకొద్దీ కష్టమని అందరూ అనుకుంటారు కానీ, తేలుడు విషయంలో చివరి 10 మీటర్లే మొండివి. ఇక ఆ 6 కిలోలు అసలు కట్టకపోయి ఉంటే ఉబ్బడానికి ఆ 6 లీటర్లే ఉండేవి కావు.

కాబట్టి బీసీడీ పాఠం సీసం దగ్గర మొదలవుతుంది. ఎంత కట్టుకోవాలో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మొత్తం సామగ్రితో, నిలువుగా తేలగలిగే లోతున్న నీళ్లలో, ఊపిరి అందించే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, బీసీడీలో గాలంతా తీసేయండి. మామూలుగా ఊపిరి తీసుకుని, పట్టి, కాళ్లూ చేతులూ ఆడించకుండా ఉండండి. నీటిమట్టం కళ్ల దగ్గర నిలవాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. ఊపిరి పట్టినా మునిగిపోతే సీసం ఎక్కువ, వదిలినా మునగకపోతే తక్కువ. ఈ పరీక్ష డైవ్ అయిపోయాక, సిలిండర్‌లో 50 బార్ మిగిలినప్పుడు చేస్తేనే అసలు లెక్క తేలుతుంది. నిండు సిలిండర్‌తో చేస్తే, వచ్చిన అంకెకు రెండు కిలోలు కలపండి. కాళ్లు ఆడించకుండా ఉండటమే చాలామందికి చేతకాదు. తెలియకుండానే కాళ్లకున్న ఫిన్లు తన్నుతుంటారు, తన్నితే తేలుతారు, తేలితే ఇంకో కిలో అడుగుతారు. పక్కన ఒకరిని పెట్టుకుని కాళ్లు చూడమనండి.

హైదరాబాద్‌లో ఈతకొలనులో శిక్షణ తీసుకుని పరీక్షడైవ్‌లకు సముద్రానికి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. సముద్రపు నీరు మంచినీటికన్నా దాదాపు రెండున్నర శాతం బరువు. మీరూ సామగ్రీ కలిసి 100 కిలోలైతే, కొలనులో సరిపోయిన సీసానికి సముద్రంలో దాదాపు రెండున్నర కిలోలు కలపాలి. సముద్రాలన్నీ కూడా ఒకే ఉప్పు కావు. గోదావరి, మహానది, గంగ వరదనీళ్లు వచ్చి పడ్డాక విశాఖ దగ్గర బంగాళాఖాతం పైనీరు ఉప్పు తగ్గుతుంది. ఎర్రసముద్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం, ప్రపంచంలోకెల్లా ఉప్పనైన సముద్రాల్లో అదొకటి. దుబాయిలోనో రియాద్‌లోనో ఉద్యోగం చేస్తూ అటు డైవింగ్‌కి వెళ్లే మనవాళ్లు ఋషికొండలో రాసుకున్న అంకెను అక్కడ పనికొస్తుందని నమ్మకూడదు. కొత్తచోట, కొత్తసూట్‌తో, కొత్తసిలిండర్‌తో పరీక్ష మళ్లీ మొదటి నుంచే.

సీసం సరిగ్గా కుదిరాక, చిన్న సర్దుబాట్ల భారం ఊపిరిదే. ఒక లీటరు గాలి అదనంగా పీలిస్తే సముద్రంలో కిలోకి పైగా తేలుడు వచ్చినట్టే. మామూలుగా పీల్చి వదిలేదానికంటే కాస్త లోతుగా పీలిస్తే పైకి, కాస్త ఎక్కువ వదిలితే కిందికి. పగడాల దిబ్బ అడ్డొస్తే బటన్ కోసం తడుముకోనక్కర్లేదు, దాన్ని చేరడానికి రెండు మూడు గజాల ముందే నిండుగా పీల్చడం మొదలుపెడితే అది దాటేసరికి దానిపైన ఉంటారు. ముందే అన్నది ముఖ్యం. పీల్చిన వెంటనే శరీరం కదలదు, రెండు మూడు సెకన్లు పడుతుంది. బటన్ కూడా అంతే. దోశ మాడుతోందని మంట తగ్గిస్తే పెనం వెంటనే చల్లారదు కదా. చల్లారలేదని ఇంకా తగ్గిస్తే తరవాతి దోశ పెనానికి అంటుకుంటుంది. బీసీడీలో ఒక్క పొట్టి నొక్కుడు నొక్కి, రెండు ఊపిరులు ఆగి, అప్పుడు చూడండి. ఆగలేనివాళ్లే పైకీ కిందికీ ఊగుతూ డైవ్ అంతా గడుపుతారు, గాలి కూడా సగం సమయానికే అవగొట్టుకుంటారు. నీటి కింద ఊపిరి మాత్రం ఎన్నడూ బిగబట్టకూడదు, ఎక్కేటప్పుడైతే అసలే వద్దు. కారణం కింద చెబుతాను.

ఇక చేతిలోకి వచ్చే భాగం. ఎడమ భుజం మీద నుంచి ముడతలు ముడతలుగా ఉన్న గొట్టం వేలాడుతుంది. దాని చివర ఇన్‌ఫ్లేటర్. దానిమీద రెండు బటన్లు. ఒకటి సిలిండర్ నుంచి గాలి నింపేది, రెండోది వదిలేది. చాలా మోడళ్లలో నింపే బటన్ సన్నటి రబ్బరుగొట్టం వచ్చి తగులుకునే పక్కన, వదిలే బటన్ కొసన, ఊదే నోటిభాగం దగ్గర ఉంటాయి. చాలా మోడళ్లలో అన్నానంటే అన్నింటిలో కాదనే. పడవ మీద కూర్చుని, కళ్లు మూసుకుని, బొటనవేలితో తడిమి ఏది ఏదో చెప్పగలిగేదాకా నీళ్లలోకి దిగకండి. కంగారులో చూసుకునే తీరిక ఉండదు. మీరు పైకి పోతూ వదిలే బటన్ అనుకుని నింపేది నొక్కితే, పైన చెప్పిన బాయిల్ నియమానికి మీరే తోడు వెళ్లినట్టు.

వదిలే బటన్ నొక్కినా గాలి పోవడం లేదని కొత్తవాళ్లు తరచు గాబరాపడతారు. గాలి ఎప్పుడూ సంచిలో అన్నింటికన్నా ఎత్తైన మూలకు చేరుతుంది. గొట్టం పొట్ట దగ్గర కిందికి వేలాడుతుంటే ఎంత నొక్కినా గాలి రాదు, నీళ్లే లోపలికి వెళ్తాయి. గొట్టాన్ని ఎడమచేత్తో తలపైకి చాచి, శరీరం నిలువు చేసి, అప్పుడు నొక్కాలి. తల కిందికి ఉండి ఈదుతున్నప్పుడు ఎత్తైన మూల నడుము వైపు. అక్కడ కొసన చిన్నగుండు ఉన్న తాడు వేలాడుతుంటుంది, అది లాగితే వెనకవైపు వాల్వ్ తెరుచుకుంటుంది. ఈ తాడు ఎక్కడుందో ఒడ్డు మీదే వెతుక్కోండి. ఎక్కువ నింపితే సంచి చిరగకుండా దానంతటదే తెరుచుకునే వాల్వ్ కూడా ఉంటుంది. నిండా ఊదినప్పుడు బుస్సుమనేది అదే, భయపడొద్దు.

ఎక్కడం. నింపే బటన్ నొక్కి పైకి రావడం లిఫ్టు అలవాటు, నీళ్లలో దాన్ని మరిచిపోవాలి. పైకి వచ్చేది కాళ్లతో, మెల్లగా. బటన్ మీద వేలు పెట్టుకోవాల్సింది వదలడానికి. ఎడమచెయ్యి గొట్టంతో సహా పైకి, చూపు పైకి, పైకి లేస్తున్నట్టు అనిపించకముందే కొద్దికొద్దిగా వదులుతూ రావాలి. చాలా శిక్షణ సంస్థలు నిమిషానికి 9 మీటర్లు మించొద్దంటాయి. మీ ఊపిరి బుడగల్లో చిన్నవాటిని దాటి పోతున్నారంటే వేగం ఎక్కువైనట్టే. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం రివాజు, సీసం లెక్క సరిగ్గా కుదిరిందో లేదో బయటపడేదీ అక్కడే. సిలిండర్ తేలికైపోయింది, బీసీడీ దాదాపు ఖాళీ, సీసం తక్కువైనవాళ్లు ఆగలేక తేలిపోతారు. మరీ ఎక్కువైనవాళ్లు సంచిలో గాలితో కుస్తీ పడుతుంటారు.

ఊపిరి సంగతి ఇందాక ఆపాను. బీసీడీ సంచిలో గాలి ఎలా ఉబ్బుతుందో ఊపిరితిత్తుల్లో గాలీ అలాగే ఉబ్బుతుంది. సంచికి వాల్వ్ ఉంది, బిగబట్టిన గొంతుకు లేదు. నిండా పీల్చి బిగబట్టి ఒకటి రెండు మీటర్లు ఎక్కినా ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది. చిట్లితే గాలి రక్తంలో కలిసి మెదడుకు చేరవచ్చు. అందుకే ఈతకొలను లోతులో కూడా ఈ నియమానికి మినహాయింపు లేదు.

అన్నీ సరిగ్గా చేసినా ఒక్కోసారి నింపే బటన్ ఇరుక్కుపోతుంది. మీరు వేలు తీసినా గాలి వస్తూనే ఉంటుంది. ఎడమచేత్తో గొట్టం పైకెత్తి వదిలే బటన్ నొక్కి పట్టండి, కుడిచేత్తో ఇన్‌ఫ్లేటర్‌కి తగులుకున్న సన్నటి రబ్బరుగొట్టం మెడ మీది వలయాన్ని వెనక్కి లాగండి. టక్కున ఊడి వస్తుంది, గాలి ఆగుతుంది. ఈలోగా పైకి లేస్తుంటే శరీరాన్ని అడ్డంగా చాచి నీటి నిరోధం పెంచండి, ఊపిరి వదులుతూనే ఉండండి. చదవడానికి రెండు వాక్యాలే కానీ, తడిచేతులతో ఆ వలయం జారుతుంది. ఒడ్డు మీద సిలిండర్ తెరిచి ఉంచి, కళ్లు మూసుకుని, నాలుగైదుసార్లు ఊడదీసి తగిలించడం తప్ప ఇంకో దారి లేదు. ఊడదీశాక బీసీడీని నోటితో ఊదాలి: రెగ్యులేటర్ తీసి, ఇన్‌ఫ్లేటర్ నోటిభాగం పెట్టుకుని, వదిలే బటన్ నొక్కి ఊదండి, ఊదగానే బటన్ వదిలేయండి. వదలకపోతే ఊదింది మీ ముఖం మీదికే తిరిగి వస్తుంది.

నీటిపైకి రాగానే చేయాల్సిన మొదటి పని బీసీడీ నింపడం. మాస్క్ తీయడం, ఫొటోకి చెయ్యి ఊపడం తర్వాత. గాలి అయిపోయి నింపడం కుదరకపోతే, అలలు ముంచేస్తుంటే, సీసం జారవిడిచేయాలి. డైవింగ్ మరణాల దర్యాప్తుల్లో మళ్లీ మళ్లీ కనిపించిన విషయం, పోయినవాళ్ల నడుముకు బరువులు అలాగే ఉండటం. అద్దె సీసానికి డబ్బు కట్టాల్సి వస్తుందేమోనన్న బెంగో, ఆ ఆలోచనే రాకపోవడమో. బరువుల బెల్టు అయితే కుడిచేత్తో బకిల్ లాగి ఒంటి నుంచి దూరంగా పట్టుకుని వదలాలి. బీసీడీ జేబుల్లో ఉండే రకమైతే పిడి లాగితే జేబు మొత్తం ఊడి వస్తుంది. మీ బడ్డీ, అంటే జంటగా దిగే తోటి డైవర్, బరువులు ఎలా ఊడతాయో మీకు, మీవి ఎలా ఊడతాయో ఆ మనిషికి తెలిసి ఉండాలి. ఆ జేబులు పెట్టేటప్పుడు క్లిక్‌మన్న చప్పుడు వినండి. సరిగ్గా పడని జేబు లోతులో జారిపోతే మీరు పైకి దూసుకుపోతారు.

సర్టిఫికెట్ లేకుండా తొలిసారి సరదాగా దిగేవాళ్లకి ఇదంతా అవసరమా అంటే, సగం అవసరం. శిక్షణ సంస్థ ప్యాడీ ట్రయల్ డైవ్‌లో 12 మీటర్లు మించి తీసుకెళ్లరు, బీసీడీ ఇన్‌స్ట్రక్టర్ చేతిలోనే ఉంటుంది. మీరు ఆ బటన్లు ముట్టుకోకపోవడమే మంచిది. అయితే నీటిపైన ఏది నింపుతుందో, సీసం ఎలా ఊడుతుందో దిగేముందు అడిగి తెలుసుకోండి. ఆ రెండూ చెప్పడానికి విసుక్కునే చోట దిగకండి.

చివరిగా, అద్దె బీసీడీ. నిండా ఊది తొడుక్కుని చూడండి, ఛాతీ నొక్కేసి ఊపిరి ఆడకపోతే సైజు చిన్నది. వదులుగా ఉంటే నీటిపైన చెవులదాకా ఎక్కి కూర్చుంటుంది. సిలిండర్ బెల్టును తడిపి బిగించాలి, పొడిగా బిగిస్తే నీళ్లలో సాగి సిలిండర్ జారుతుంది. బిగించాక పైపిడి పట్టి ఎత్తి ఊపండి. సంచిని నిండా ఊది పది నిమిషాలు పక్కన పెట్టి, మెత్తబడిందేమో నొక్కి చూడండి. వాడాక లోపలికి మంచినీళ్లు పోసి, కుదిపి, ఒంపేసి, సగం ఊది నీడలో ఆరేయని బీసీడీల్లో ఉప్పు పేరుకుని బటన్లు పట్టేస్తాయి. ఏడాదికోసారి సర్వీసు చేయించారా అని అడగండి. ఆ తర్వాత నింపే బటన్ ఒక్కసారి నొక్కి వదిలి చెవి పెట్టి వినండి. వేలు తీసిన మరుక్షణం చప్పుడు ఆగాలి. సన్నగా ఇంకా బుస్సుమంటుంటే ఆ బీసీడీ వెనక్కిచ్చి ఇంకోటి తీసుకోండి. పడవ కదలకముందే అడగండి, డైవ్ చేసే చోటికెళ్లాక మార్చడానికి ఇంకోటి ఉండదు.